దాసోహమునకు సాక్షి యెవరు?

దానము, దాసోహము అను రెండు మాటలను మనవారు పలుమారు ఒకే యర్థమున వాడుచుందురు. అవి రెండును ఒకటి కావు. దానమున ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు. ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. దాసోహమున ఈ వరుస తలక్రిందులగును. పుచ్చుకొన వచ్చినవాడు జంగమ స్వరూపుడు; ఇచ్చువాడు వానికి దాసుడు. తన కాయక ఫలమును స్వీకరించి తన్ను కృతార్థుని చేసినందులకు ఇచ్చినవాడే చేతులు జోడింపవలెను. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు నెలకొల్పిన ఈ భావము శరణ ధర్మమునకు గుండెకాయ వంటిది. ఇది నేటి మన దినచర్యలో ఎంతవరకు నిలిచియున్నదో పరీక్షించుటకు రెండు క్రొత్త అలవాట్లు చక్కగా పనికివచ్చును. మొదటిది, పరోపకారార్థమై పదిమంది గుమికూడి పరుగెత్తుట. రెండవది, చేతిలోని ఫోనుతో కనబడినదెల్ల ఛాయాచిత్రముగా పట్టుట.

జగిత్యాల జిల్లాలోని మల్యాల కొండగట్టు అంజన్న సన్నిధికి చేరువనున్న మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లా లేర్పడువరకు ఇది కరీంనగరు జిల్లాలో నుండెను. మ్రొక్కు కొరకు నడచుట ఈ సీమవారికి క్రొత్త కాదు. హనుమజ్జయంతికి దీక్షాధారులు కాలినడకన కొండకు తరలివత్తురు. వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు చెల్లించుటకు పిల్లాపాపలతో కదలుదురు. ఒక సత్కార్యము పేర పరుగెత్తుట మాత్రము ఇటీవలి ఆచారము. హైదరాబాదులో 2011 నుండి మారథాను పరుగు జరుగుచున్నది. క్యాన్సరు వ్యాధిపై అవగాహనకై గ్రేస్ క్యాన్సర్ ఫౌండేషన్ అచ్చటనే పరుగులు నిర్వహించుచున్నది. 2020లో కరోనా ప్రబలి జనము గుమికూడుటకు వీలులేనప్పుడు, ఎవరి యూర వారే పరుగెత్తి, ఫోను లెక్కించిన దూరమును నిర్వాహకులకు తెలుపు పద్ధతి దేశదేశముల వ్యాపించినది. నాటినుండి ఇట్టి పరుగునకు రాజధానికి పోవలసిన పనియు లేదు. మల్యాల బాటపై తెలతెలవారుచుండగా పరుగెత్తిన యువకుడును అందులో పాల్గొనవచ్చును. ఇది మెచ్చదగినదే.

ఇచ్చట మొదటి ప్రశ్న పుట్టును. ఈ పరుగు కాయకమగునా? నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేని అమ్మెను. ఆ రాబడితో జంగమ దాసోహము నడపెను. ఆ త్రాడు లోకమునకు పనికివచ్చినది. సిరిసిల్ల నేతకాడు దినమెల్ల మరమగ్గము కడ నిలబడినచో గుడ్డ వెలువడును. దానిని ఎవరో యొకరు కట్టుకొందురు. పరుగెత్తువాని చెమటనుండి త్రాడును రాదు, గుడ్డయు రాదు. కావున పరుగును కాయకమనుట తగదు. అది ఒక పిలుపు. పరుగెత్తువాడు తన దేహమును శ్రమపెట్టి, ‘ఇదిగో, ఇట్టి కష్టమొకటి లోకమున కలదు, వినుడు’ అని పదిమందిని పిలుచుచున్నాడు. ఆ పిలుపు విని ఎవరు తమ కాయకఫలమునుండి కొంత తీసియిత్తురో, వారి యీవియే దాసోహమగును. ఈ భేదమెరిగినచో పరుగెత్తువాడు రెండు పొరపాట్లనుండి తప్పించుకొనును. తాను పరుగెత్తినంతనే లోకమునకు మేలు జరిగెనని భ్రమింపడు. తాను కట్టిన రుసుములో బనియనుకు, పతకమునకు, వేదికకు ఎంత పోయెను, రోగికి ఎంత చేరెను అని నిర్వాహకులను అడుగుటకు సంకోచింపడు.

పిలుపునకు పుట్టిన పరుగులలో ప్రసిద్ధమైనది టెర్రీ ఫాక్స్ అను కెనడా యువకునిది. అతడు 1958లో జన్మించెను. 1977లో ఎముకలకు క్యాన్సరు సోకుటచే వైద్యులు అతని కుడికాలిని మోకాటికి పైభాగమున తీసివేసిరి. ఆసుపత్రిలో తనవంటి రోగులను, అందునను పసివారిని చూచి అతని మనస్సు కరగినది. క్యాన్సరు పరిశోధనకు ధనము కూర్చవలెనని తలచి, 1980 ఏప్రిలు 12న ఆ దేశపు తూర్పు తీరమున బయలుదేరి, కృత్రిమమైన కాలితో దినమునకు ఇంచుమించు 42 కిలోమీటర్లు పరుగెత్తెను. 143 దినములలో 5,373 కిలోమీటర్లు సాగినపిమ్మట వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకుటచే సెప్టెంబరు 1న ఆగిపోయెను. 1981 జూన్ 28న ఇరువదిరెండేండ్ల ప్రాయమున కన్నుమూసెను. దేశమున ఒక్కొక్కరు ఒక్క డాలరైన నీయవలెనని అతడు కోరెను. అతడు జీవించియుండగనే రెండుకోట్ల నలుబది లక్షల డాలర్లకు పైగా సమకూడెను. తన పేరును తమ సరకుల అమ్మకమునకు వాడుకొనగోరిన వ్యాపార సంస్థలను అతడు దరిచేరనీయలేదు. 1981 నుండి అతని పేర ఏటేట జరుగు పరుగులో పోటీ లేదు, గెలుపు లేదు, బహుమతి లేదు.

ఈ కథలో గమనింపదగిన విషయము మరియొకటి కలదు. టెర్రీ ఫాక్స్ ఛాయాచిత్రములకు వెరచినవాడు కాడు. పొట్టి లాగు తొడుగుకొని కృత్రిమమైన కాలు లోకమునకు కనబడునట్లే పరుగెత్తెను. పత్రికలవారు చిత్రములు తీసిరి. ఆ చిత్రములే కోట్లమందిని కదలించినవి. మరి దీనిని ప్రదర్శన మనవచ్చునా? అనరాదు. అతడు చూపినది తన గాయమును. ఆసుపత్రిలో చూచిన పసివారి నెవ్వరిని వెంటబెట్టుకొని వీధివీధి చూపలేదు. తన గాయమును తాను చూపుట వేరు. పరుని గాయమును చూపి తాను పేరు గాంచుట వేరు. మొదటిది ఆత్మార్పణము. రెండవది ఏమి? దీనిని తేల్చుటకై మన భాషలోని ఒక మాటను ఆశ్రయింతము.

తెలుగున ‘ఫొటో దిగుట’ అనియు, ‘ఫొటో తీయుట’ అనియు రెండు మాటలున్నవి. దిగుట మన యిష్టముచే జరుగునది. వెనుకటి కాలమున పెండ్లియైన దంపతులు జగిత్యాలకో, కోరుట్లకో పోయి, మంచిబట్టలు కట్టుకొని, తలదువ్వుకొని స్టూడియోలో కూర్చుండి ఫొటో దిగెడివారు. తాము ఎట్లు కనబడగోరిరో అట్లే కనబడెడివారు. ఆ పటము గోడకెక్కి ఇంటిగౌరవమును నిలిపెడిది. తీయుట ఇతరుల చేతిలోనిది. నేడు అందరి చేతులలోను ఫోను లున్నవి. దిగువారు తక్కువై, తీయబడువారు ఎక్కువైరి. మనము విచారింపవలసిన ప్రశ్న ఇది: సహాయము పొందు వేళ నిరుపేద ఫొటో దిగుచున్నాడా, లేక వాని ఫొటో తీయబడుచున్నదా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యువకులు అనేకులు బ్రతుకుతెరువు కొరకు గల్ఫు దేశములకు పోయినవారు. అట్టి యొక యింటివాడు అచ్చటనే మరణించెనని తలంపుడు. శవము వచ్చుటకే దినములు పట్టును. అప్పులవారు గుమ్మము కడ నిలుచుందురు. ఊరి యువకులు మంచిమనస్సుతో ఒక పరుగు నిర్వహించి, చందాలు ప్రోగుచేసి, బియ్యపు సంచియు కొంత రొక్కమును ఆ యింటికి తెచ్చిరి. ఇంతవరకు ఆ కార్యము దాసోహమునకు తగినదే. పిమ్మట పదునైదుగురు వరుసగా నిలిచి, సంచిని ఆ విధవరాలి చేతికి ఆనించి, ‘అమ్మా, కొంచెము ఇటు చూడు’ అనిరి. ఆమె చూచెను. ఆ చిత్రము సాయంత్రమునకు ఊరంతటి ఫోనులలో ప్రత్యక్షమాయెను. మరునాడు ఆమె కుమార్తె బడికి పోయినప్పుడు తోడిపిల్లలు ఆ బాలికను చూచిన చూపులో ఏమున్నది? బియ్యము నెలదినములకు తరుగును. ఆ చూపు ఎన్నినాళ్లకు తరుగును? తెచ్చినవారెవ్వరును చెడ్డవారు కారు. అయినను వారెరుగకయే ఒక బేరము జరిగిపోయినది. బియ్యమునకు వెలగా ఆమె ముఖమును పుచ్చుకొనిరి. వెల పుచ్చుకొని యిచ్చినది విక్రయమగును గాని దాసోహము కాదు.

ఇది ఫోనుతో పుట్టిన రోగమని కొందరందురు. అట్లు కాదు. 1876–78 సంవత్సరములలో మద్రాసు రాజధానిని, రాయలసీమను ధాత కరువు దహించినప్పుడు విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి, ఎముకలగూడులైన స్త్రీపురుషులను, పసిబిడ్డలను గుంపులుగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. కరువు తీవ్రతను లోకమునకు తెలుపుటకు అవి పనికివచ్చినవనుట నిజము. ఆకలిగొన్నవారిని వరుసదీర్చి కెమెరా ముంగిట నిలిపిన తీరు గర్హింపబడుటయు నిజము. ఆ చిత్రములలోని వారి పేర్లు మనకు తెలియవు. తీసినవాని పేరు మాత్రము నేటికి నిలిచినది. చిత్రము ఎవరిని గూర్చినదో వారు అనామకులు, ఎవరు తీసిరో వారు ప్రసిద్ధులు. మన ఊళ్లలోని ఫ్లెక్సీలను చూచినను ఈ నీతియే గోచరించును. ఇచ్చినవారి పేర్లు పెద్ద అక్షరములలో నుండును. పుచ్చుకొన్నవారు ‘నిరుపేదలు’ అను ఒక్కమాటలో కలిసిపోవుదురు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ కలదు. ‘చందా యిచ్చినవారికి లెక్క చెప్పవలదా? ఛాయాచిత్రము లేనిచో ధనము చేరినదని నమ్ముట యెట్లు?’ అని అడుగువారున్నారు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ప్రజల సొమ్మునకు లెక్క చూపుట శరణులు విధించుకొన్న నియమమే. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చి దాసోహము నడుపుచుండెను. ఒకనాడు నిత్యముకన్న అధికముగా తెచ్చినప్పుడు అతని యిల్లాలు లక్కమ్మ, అక్కరకు మించిన బియ్యమును వండక, ఎక్కడనుండి తెచ్చితివో అచ్చటనే పోసిరమ్మని భర్తను పంపెను. లెక్క యనిన అది. ఆమె చేటలోని గింజలను కొలిచినది గాని, తినవచ్చిన జంగముల ముఖములను కొలువలేదు. నేడైనను సంచులు ఎన్ని, కొన్న దుకాణపు రసీదు ఏది, రొక్కమెంత, ఏ తేదీన ముట్టినది అను వివరములు మఠము పలకపై వ్రాసి పెట్టవచ్చును. సంచుల ఫొటో తీయవచ్చును. రసీదు ఫొటో తీయవచ్చును. మఠపు పెద్దలిద్దరు వెంటబోయి చూచివచ్చినచో అంతకు మించిన సాక్ష్యము లేదు. లెక్కకు ముఖముతో పనిలేదు. 2020 ఏప్రిలులో రాజస్థానములోని అజ్మీరు జిల్లా అధికారులు ఆహారపు పంపిణీ వేళ ఛాయాచిత్రములు తీయరాదని కట్టడి చేసిరి.

రెండవ ఆక్షేపణ: ‘వారిని అడిగియే తీసితిమి, వారొప్పుకొనిరి.’ 2017 ఆగస్టు 24న భారత సర్వోన్నత న్యాయస్థానము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. కావున అడుగుట మంచిదే. కాని ఎప్పుడడిగిరి? బియ్యపు సంచి కన్నులయెదుట నుండగా అడిగిరి. ఆకలి ముంగిట ‘సరే’ అనుట ఒప్పుకోలు కాదు. ఇచ్చి వచ్చిన పిమ్మట, మరియొకనాడు, ‘మీకిష్టమైననే, వలదన్నచో మా రాకపోకలలో ఏ మార్పును ఉండదు’ అని అడిగి చూడవలెను. కాదనుటకు వీలున్నచోటనే ఔననుటకు విలువ.

ఇంతకన్న కఠినమైన సందర్భమొకటి కలదు. పసిబిడ్డకు ప్రాణాంతకమైన జబ్బు చేసినది. చికిత్సకు లక్షలు కావలెను. తల్లిదండ్రులే బిడ్డ ఫొటోను ఫోనులలో పంపి ఆర్థించుచున్నారు. ముఖము చూపనిచో లోకము కదలదు. ఇచ్చట నియమము చెప్పి తప్పించుకొనుట క్రూరత్వమగును. బిడ్డ గాయము తల్లిదండ్రులకు తమ గాయమే. దానిని చూపు హక్కు వారికి కలదు. అయినను ఆ ఫొటోను అందుకొని పదిమందికి పంపినవారికి ఒక ఋణము మిగులును. బిడ్డ కోలుకొనిన పిమ్మట ఆ చిత్రమును తొలగింపవలెను, తొలగింపుమని తక్కినవారికి చెప్పవలెను. గాయము మానును గాని దాని చిత్రము తనంతట తాను మానదు. పెరిగి పెద్దదైన ఆ బాలిక, ఆసుపత్రి మంచముపై గొట్టములతో నున్న తన రూపమును అపరిచితుల ఫోనులలో ఏల చూడవలెను?

2018 సెప్టెంబరు 11ను ఈ సీమవారు మరువలేరు. ఆనాడు కొండగట్టు ఘాటు దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. వారిలో కొడిమ్యాల మండల గ్రామములవారే ఎక్కువ. ఎన్నో యిండ్లు ఒక్క పూటలో చీకటియైనవి. అట్టి సమయమున మానవుని చేయి ఒక్కటే. అది ఫోనునైన పట్టవలెను, పడినవానినైన పట్టవలెను. ఆపదను పదిమందికి తెలుపుట కొరకు ఒక చిత్రము అవసరము కావచ్చును. పదవ చిత్రము ఎవరి అవసరము? మృతుల బంధువులు ఆ వార్తను తోడివారి నోట వినవలసినది. చేతిలోని ఫోనులో కనుగొనవలసినది కాదు. దుఃఖితుల యింట మనము చేయగల కాయకమేమి? నీళ్లు కాచుట, కబురు పంపుట, పిల్లలకు ఇంత అన్నము పెట్టుట. వీనిలో దేనికిని సాక్షి అక్కరలేదు.

ఇంతమాత్రమున ఫోనును నిందించుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. గల్ఫున ఇటుకలు మోయు తండ్రికి ఇంటిలోని పసివాడు మొదటి యడుగు వేసిన చిత్రము చేరినదనుడు. ఆ రాత్రి అతని నిద్ర తీరే వేరు. ముసలితల్లికి కొడుకు ముఖము దినదినము కనబడుట సామాన్యమైన వరమా? ఉదయమున చెరువుగట్టున పరుగెత్తుచు మబ్బుల వెలుగును చూచి ఆనందించి ఫొటో తీసికొనినవాని నెవ్వరును తప్పుపట్టరు. తోడివారితో కలిసి నవ్వుచు సెల్ఫీ దిగుటయు మానవ సహజమే. శరణ ధర్మము సంతోషమునకు శత్రువు కాదు. అది అడుగునది ఒక్కటే: ఆ సంతోషమునకు వెల ఎవరు చెల్లించుచున్నారు? మనమా, లేక మన సహాయమునకు చేయిచాచినవాడా?

వీరశైవులకు ఈ ప్రశ్న మరింత సన్నిహితమైనది. మనము ఎడమచేతి కరస్థలమున ఇష్టలింగమును నిలిపి, ఱెప్పవాల్చక చూచు ఆచారమున పుట్టినవారము. అరచేతిని చూచుట మనకు పూజ. నేడు అదే అరచేతిలో ఫోను వెలుగుచున్నది. అదే దృష్టి దానిపై నిలుచుచున్నది. రెండింటికి భేదమెక్కడ? లింగమును చూచువాడు క్రమముగా తన్ను మరచును. పొగడ్తలను లెక్కించుటకై ఫోనును చూచువాడు క్రమముగా తన్ను తప్ప అన్నిటిని మరచును. మరియు, కదలక నిలిచిన స్థావరముకన్న చరించు జంగమమే మిన్న అని బసవేశ్వరుని బోధ. సహాయమందుకొనిన మనిషి జంగముడు. రేపు లేచి నిలుచును, తానే పదిమందికి పెట్టగలవాడగును. వాని ఛాయాచిత్రము స్థావరము. అది వానిని చేయిచాచిన ఆ ఒక్క క్షణమున శాశ్వతముగా బంధించును. బ్రతికియున్న జంగమునికన్న నిలిచిపోయిన చిత్రమునకు ఎక్కువ మర్యాద చేయుట మన ధర్మమునకు తగునా?

తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వామివారు 2019 జనవరి 21న తమ నూటపదకొండేండ్ల ప్రాయమున లింగైక్యులైరి. అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమున వేలాది పేదబిడ్డలను పెంచిన మహనీయులు వారు. లోకమంతయు వారి చిత్రమును ఎరుగును. ఆ మఠమున తినిపోయిన బిడ్డలలో ఎవరు ఎంత పేదవారో లోకమెరుగదు. పంక్తిలో కూర్చుండిన బిడ్డ విద్యార్థియే గాని దానపాత్రుడు కాడు. దాసోహమునకు ఇంతకన్న స్పష్టమైన పాఠము వేరొకటి అక్కరలేదు.

బసవ జయంతికి మన యువకులు పరుగు నిర్వహింపదలచినచో తప్పక నిర్వహింతురుగాక. వైశాఖపు ఎండ మిక్కుటమగుటచే సూర్యోదయమునకు ముందే మొదలిడి, త్రోవలో నీళ్లకుండలు నిలుపుట మంచిది. పరుగెత్తువారి చిత్రములు ఎన్నియైనను తీయవచ్చును, అవి పిలుపు. ప్రోగైన ధనమునకు పైసతో సహా లెక్క వ్రాయవలెను, అది నియమము. సహాయము మోసికొనిపోవునప్పుడు మాత్రము ఇద్దరే పోవలెను, ఫోనులు మఠమున ఉంచి పోవలెను; అది దాసోహము. ఆ యింటి గడపలో చెప్పులు విడిచి, తెచ్చినది అప్పగించి, వారిచ్చిన మంచినీళ్లు త్రాగి రావలెను. ఏలయన, పేదయింట నీళ్లు త్రాగినప్పుడు మనమును పుచ్చుకొనినవారమైతిమి. చేతులు రెండును సమానమైనవి.

ఎవరికి వారు చేసికొనదగిన పరీక్ష ఒకటి కలదు. ఫోను ఇంట మరచివచ్చిన ఉదయమున కాళ్లు అంతదూరమే పరుగెత్తునా? ఎవ్వరును చూడని గడపలో చేయి అంతే ఇచ్చునా? ఔననువాని దాసోహమునకు సాక్షి కరస్థలమందే కలడు. కాదని తోచినవాడును నిరాశ చెందనక్కరలేదు. మరునాడు ఉదయమున ఫోనును ఇంటనే ఉంచి మరల బయలుదేరవచ్చును.